మేడమీద అఫ్గాన్ పిల్లలు: విశాఖలో నాలుగు రోజులు

2025 జనవరి 17, శుక్రవారం: ఎంవీపీ కాలనీ

ముక్కనుమ వెళ్ళిన మర్నాడే చెల్లెలింటికి బయల్దేరాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ విశాఖ అంటే శనివారం రాత్రి వెళ్ళి, సోమవారం పొద్దున్నే వచ్చి కౌంటర్లో కూర్చోవడమే. రిటైరయ్యాక ఇదే మొదటిసారి తీరిగ్గా వెళ్ళడం. అయినా కైలాసగిరి ఎక్కలేదు, అరకు చూడలేదు. చెల్లెలి మేడమీద అద్దెకుంటున్న ఇద్దరు పిల్లలతోనే సగం కాలం గడిచిపోయింది. ఏలూరు తిరిగొచ్చి వారం కాలేదు. వాళ్ళ మాటలు ఇంకా చెవుల్లో ఉండగానే రాసిపెట్టుకుంటున్నాను.

స్టేషన్ దగ్గర ఆటో అతను 250 అడిగి 200కి ఒప్పుకున్నాడు. ఉక్కు ఫ్యాక్టరీకి కేంద్రం 11,440 కోట్లు ప్రకటించిందని ఆ రోజే వార్త. దారంతా అదే మాట. "మా బావమరిది అక్కడే పంజేత్తన్నాడమ్మా. ఎంతిచ్చినారని కాదు, మా ఫ్యాక్టరీ మాకుంటాదా లేదా, అదీ మాట" అన్నాడు. ఎవరిది ఎవరికుండాలి అన్న ఆ మాట తర్వాత మూడు రోజులూ నా వెంటే వస్తుందని అప్పుడు తెలీదు.

వెళ్ళేసరికి చెల్లెలు అరిసెల డబ్బా తీసి పళ్ళెంలో సర్దుతోంది. "పైన పిల్లలకక్కా. పండగ మూడు రోజులూ చుట్టాల్తో సరిపోయింది, పంపడం కుదర్లేదు" అంది. మేడమీద రెండు గదుల్లో ఇద్దరు అఫ్గాన్ కుర్రాళ్ళు. పెద్దబ్బాయిది మజార్-ఎ-షరీఫ్. 2019లో ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఏకి వచ్చి ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నాడు. చిన్నబ్బాయిది హెరాత్, కంప్యూటర్ చదువు. పేర్లు రాయను. వాళ్ళ ఇళ్ళవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు.

అరగంటకి పెద్దబ్బాయి పళ్ళెం తిరిగిచ్చాడు. పళ్ళెం నిండా ఎండు ద్రాక్ష, పైన గుప్పెడు బాదంపప్పు. ఎడమచేత్తో పళ్ళెం పట్టుకుని, కుడిచెయ్యి గుండెమీద పెట్టి కొంచెం వంగాడు. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. పక్కింటివాళ్ళ గిన్నె ఉత్తిగా తిరిగివ్వకూడదని గుప్పెడు బియ్యమో, రెండు మిరపకాయలో వేసి పంపేది. "వాళ్ళ ఊళ్ళోనూ అంతేనట" అంది చెల్లెలు.

రాత్రి పడుకున్నాక అసలు సంగతి చెప్పింది. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతికి పోయాక ఐదు నెలలపాటు మేడమీదనుంచి అద్దె రాలేదు. నెలకి ఏడు వేలు. మా మరిది మొదట్లో విసుక్కున్నాడట. పెద్దబ్బాయి వాళ్ళ నాన్న మూడు నెలలకోసారి బ్యాంకు ద్వారా డబ్బు పంపేవాడు, అది ఆగిపోయింది. "ఆ పిల్లాడు రోజూ మెట్లు దిగేప్పుడు నా మొహం చూసేవాడు కాదక్కా. అడగడానికి నాకు నోరు రాలేదు. బియ్యం, పప్పు నేనే పంపాను" అంది. ఎందుకు రాలేదో ఇప్పటికీ దానికి సరిగ్గా తెలీదు. "అక్కడ బ్యాంకులన్నీ మూసేశారట కదా" అని మాత్రం అంది.

నాకు తెలుసు. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో పని చేసిన మనిషిని. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

జనవరి 18, శనివారం: పూర్ణా మార్కెట్

చెల్లెలి కోసం ఇంగువ కొందామని పూర్ణా మార్కెట్‌కి ఒక్కదాన్నే వెళ్ళాను. దారిలో టిఫిన్, రెండిడ్లీ ఒక గారె, అల్లప్పచ్చడితో 50 రూపాయలు. మార్కెట్‌లోకి ఎటు దారి అని అడిగితే పూలమ్మే ఆవిడ చెయ్యి ఎటు చూపిందో, నేనెటు నడిచానో గాని, సందులు పట్టుకుని పోయి పోయి బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి దగ్గర తేలాను. వచ్చినదాన్ని ఎలాగూ దణ్ణం పెట్టుకుందామని వరసలో నిలబడ్డాను. పైకప్పు లేని గుడి, అమ్మవారిని ఎవరికి వాళ్ళే తాకి పసుపు, కుంకుమ పెట్టుకోవచ్చు. బయటికొచ్చాక ఒక గుంటడు వెంటబెట్టుకెళ్ళి కిరాణా సందులో దింపాడు. పది రూపాయలిస్తే తీసుకోలేదు.

కొట్టాయన పెద్దవయసు. యాభై గ్రాముల ముద్ద ఇంగువ 110 రూపాయలు. ఎక్కడి సరుకని అడిగితే, ముద్ద కట్టేది ఉత్తరప్రదేశ్‌లోని హాత్రస్‌లో, అసలు పాలు మాత్రం అఫ్గానిస్థాన్, ఇరాన్ కొండల్లోవి అన్నాడు. మన పులిహోర పోపు, మన పప్పుచారు వాసన, అన్నీ ఆ కొండల మొక్క వేరుకి గాటుపెట్టి తీసిన పాలే. మన దేశంలో ఈ మొక్క సాగు 2020 అక్టోబరులో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో మొదలుపెట్టారు. అందాకా పూర్తిగా బయటి సరుకే. ఏటా పన్నెండు వందల టన్నుల ముడి ఇంగువ వస్తోందని, దానికి ఆరు వందల కోట్ల దాకా అవుతోందని అప్పుడు ప్రభుత్వమే చెప్పింది.

"2021లో అంజీరు, కిస్‌మిస్ రేట్లు ఒక్కసారి లేచిపోయినాయమ్మా. సరుకు లేక కాదు. అక్కడ ఉంది, ఇక్కడ కొనేవాడున్నాడు. మజ్జిన డబ్బు నడవాల కదా" అన్నాడు. తాలిబన్లు రాగానే పాకిస్థాన్ మీదుగా వచ్చే సరుకు ఆగింది, తర్వాత బ్యాంకు చెల్లింపులు చిక్కుపడ్డాయి. పెద్ద పెద్ద నివేదికల్లో చదివిన సంగతి ఆ ముసలాయన ఒక్క ముక్కలో చెప్పేశాడు.

శనివారం రాత్రి: మేడమీద

భోజనానికి పైకి రమ్మన్నారు. గది మధ్య దుప్పటి, దానిమీద పొడుగాటి గుడ్డ. గుడ్డ మీద కాలు పెట్టకూడదని చెల్లెలు ముందే చెప్పింది. సన్నగా తరిగి వేయించిన క్యారెట్, ఎండు ద్రాక్ష, మాంసం వేసిన కాబూలీ పలావు. మన పలావులా కారం ఉండదు, కొంచెం తీపి. పక్కన పెరుగు, పచ్చిమిరపకాయలు. ఆ మిరపకాయలు నా కోసమే. వాళ్ళ పళ్ళెంలో కంటే నా పళ్ళెంలో మాంసం రెండింతలు వేశారు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారని తిన్నాను. ఇంగువ పొట్లం చూపిస్తే పెద్దబ్బాయి వాసన చూసి నవ్వాడు. "హింగ్! మా దగ్గర ఎవరూ వండుకోరు మేడమ్. మొత్తం మీకే పంపేస్తాం" అన్నాడు. ఐదేళ్ళలో తెలుగు బాగానే పట్టింది, మధ్యలో హిందీ, ఇంగ్లీషు.

టీ తాగుతూ, నేను బ్యాంకులో చేశానని చెల్లెలు చెప్పగానే వాళ్ళమ్మ సంగతి చెప్పాడు. ఆవిడ బడిపంతులమ్మ, ఇరవై మూడేళ్ళ సర్వీసు. జీతం బ్యాంకు ఖాతాలో పడేది, దాచుకున్నదీ అక్కడే. బ్యాంకులు మళ్ళీ తెరిచాక వారానికి 200 డాలర్లో, 20 వేల అఫ్గానీలో, అంతకు మించి ఇవ్వకూడదని నిబంధన పెట్టారు. ఆ కాస్త తీసుకోవడానికే తెల్లవారుజామున వెళ్ళి వరసలో నిలబడాలి. ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. అరచెయ్యి. బొటనవేలి కింద నీలం పెన్నుతో ఒక అంకె. వరసలో గొడవలు కాకుండా వచ్చినవాళ్ళే చేతుల మీద నంబర్లు రాసుకున్నారట. ఆవిడది 312. అరచేతి గీతల్లో చాక్‌పీస్ పొడి ఉంది. నేనైతే ఉందనే అనుకున్నాను. "ఆ రోజు 200 దగ్గర డబ్బు అయిపోయింది. మర్నాడు మళ్ళీ కొత్త నంబరు" అన్నాడు.

డబ్బు ఎందుకు అయిపోయిందో నేను చెల్లెలికి చెప్పాను. మన రిజర్వు బ్యాంకులాగే వాళ్ళకీ కేంద్ర బ్యాంకు ఉంది, దా అఫ్గానిస్థాన్ బ్యాంక్. ఏ దేశమైనా తన విదేశీ నిల్వలన్నీ ఇంట్లోనే పెట్టుకోదు. వాళ్ళవి దాదాపు 700 కోట్ల డాలర్లు న్యూయార్క్ ఫెడరల్ రిజర్వు బ్యాంకులో, మరో 200 కోట్ల దాకా యూరప్‌లోనూ ఇతర చోట్లా ఉన్నాయి. తాలిబన్లు రాగానే వాటికి తాళం పడింది. ఆ డాలర్లనే తరచూ వేలం వేసి తమ కరెన్సీని నిలబెట్టేది ఆ బ్యాంకు. వేలం ఆగింది. డాలరుకి 80 దగ్గరున్న అఫ్గానీ డిసెంబరుకల్లా వంద దాటి పడిపోయింది. గోధుమపిండి, నూనె బయటినుంచి రావాల్సిందే కాబట్టి ధరలు ఆ రేటుతోపాటే ఎక్కాయి. పైగా అప్పటిదాకా ప్రభుత్వ ఖర్చులో నాలుగింట మూడొంతులు విదేశీ సాయమే, అదీ అదే నెలలో ఆగింది. రెండు దెబ్బలూ ఒకేసారి. ఆ చలికాలంలో 2 కోట్ల 28 లక్షల మందికి సరిగ్గా తిండి దొరకదని ఐక్యరాజ్యసమితి లెక్కగట్టింది. దేశ జనాభాలో సగానికి పైగా.

"జీతం?" అని అడిగింది చెల్లెలు. నెలల తరబడి లేదు. 2022 జనవరి, ఫిబ్రవరి నెలలకి యూనిసెఫ్ నెలకి వంద డాలర్ల చొప్పున పంతుళ్ళకిచ్చింది. ఆ డబ్బుతో వాళ్ళమ్మ ముందు అప్పు తీర్చిందట, కొట్లో పిండి అప్పు.

తాళం వేయడమే తప్పని నేననను. 1990లో నరసాపురం దగ్గర బ్రాంచిలో కొత్త గుమస్తాని. ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ని ఆక్రమించింది. అదే రోజు అమెరికా ఇరాక్ ఆస్తులతో పాటు కువైట్ ఆస్తులకీ తాళం వేసింది. కువైట్‌వి ఎందుకంటే, ఇరాక్ వాటిని దోచుకోకుండా. అంటే కాపాడే తాళం కూడా ఉంటుంది. కానీ ఆ దసరాల్లో ఒకావిడ కొంగుముడి విప్పి కువైట్ దినార్లు నా కౌంటర్ మీద పెట్టింది. నాలుగేళ్ళు ఎవరింట్లోనో అంట్లు తోమిన జీతం. అంతకుముందు దినారు అరవై రూపాయల దాకా పలికేది. ఆ రోజు దానికి మా దగ్గర రేటే లేదు. "కాయితాలేనా అమ్మా ఇయ్యి?" అని అడిగింది. పెద్దవాళ్ళ తాళాలు మంచికి వేసినా చెడ్డకి వేసినా, కొంగుముడి దాకా వచ్చేస్తాయని నాకు మొదట తెలిసింది ఆవిడ వల్లే.

ఇంకోటి కూడా చెప్పాలి, ఆ రాత్రి పిల్లలకి చెప్పలేకపోయాను. 2021 అక్టోబరులో మా బ్రాంచికి ఒక రిటైర్డ్ ప్రొఫెసరు గారు వచ్చారు. కాబూల్లో ఉన్న పాత శిష్యుడికి ముప్పై వేలు పంపాలి. ఫారం నింపి తెచ్చారు, అన్ని కాగితాలూ ఉన్నాయి. పైవాళ్ళని అడిగితే ఆ దేశం పేరుంటే మధ్యలో విదేశీ బ్యాంకు ఒప్పుకోదు, తిరిగిచ్చేయండన్నారు. తిరిగిచ్చేశాను. ఆయన శిష్యుడికి ముప్పై వేలు పంపకూడదని ఏ చట్టమూ అనలేదు. ఆంక్షలు తాలిబన్ల మీద. కానీ ఆంక్షలంటే బ్యాంకులకి భయం, ఎక్కడ జరిమానా పడుతుందోనని. అమెరికా డిసెంబరులో మానవతా సాయానికి లైసెన్సులిచ్చింది, డిసెంబరు 22న భద్రతామండలి 2615 తీర్మానంతో మినహాయింపు ఇచ్చింది. అయినా బ్యాంకులు చాలాకాలం దగ్గరికి రాలేదు. చివరికి ఐక్యరాజ్యసమితే విమానాల్లో డాలర్ల కట్టలు, ఒక్కో విడత నాలుగు కోట్ల దాకా, కాబూల్‌కి మోసుకెళ్ళాల్సి వచ్చింది. బ్యాంకు దారి మూసుకుపోతే డబ్బు మూటల్లో వెళ్ళాలి.

జనవరి 19, ఆదివారం: బీచ్ రోడ్డు

మధ్యాహ్నం చెల్లెలు వంజరం పులుసు చేసింది. కిలో 900 పెట్టి మా మరిది తెచ్చాడు. పిల్లలిద్దరూ కిందే తిన్నారు, చింతపండు పులుపుకి చిన్నబ్బాయి కళ్ళు మూసుకుంటూనే రెండోసారి వేయించుకున్నాడు. సాయంత్రం అందరం ఆర్కే బీచ్‌కి వెళ్ళాం. ముంతమసాలా మనిషికి 40.

కుర్సురా జలాంతర్గామిలోకి పెద్దబ్బాయితో కలిసి వెళ్ళాను. తలుపుల్లోంచి దూరాలంటే నడుం వంచి, కాలు ముందు పెట్టి, మళ్ళీ తల. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నేవీలో చేరింది, 1971 యుద్ధం చూసింది. గొట్టాల మీద, మీటర్ల మీద ఉన్న రష్యన్ అక్షరాలు అతను గడగడా చదివేశాడు. వాళ్ళ తాతగారు నేర్పారట. మజార్‌కి దగ్గర్లోనే హైరతాన్ వంతెన. 1989 ఫిబ్రవరి 15న చివరి సోవియట్ సైన్యం అఫ్గానిస్థాన్ విడిచి వెళ్ళింది దాని మీదుగానే.

బయటికొచ్చి గట్టు మీద కూర్చున్నాం. 2022లో రష్యా నిల్వల్లో దాదాపు 30 వేల కోట్ల డాలర్లకి పశ్చిమ దేశాలు ఇలాగే తాళం వేశాయి. వాటిలో ఎక్కువ భాగం బెల్జియంలో యూరోక్లియర్ అనే డిపాజిటరీ సంస్థలో ఉన్నాయి. ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలుపెట్టిన దేశం కాబట్టి అడ్డుకట్ట వేయాలన్నారు, ఆ మాట నేను కాదనను. కానీ రష్యాకి చమురుంది, గ్యాసుంది, ఫ్యాక్టరీలున్నాయి. తాళం పడ్డా బండి నడిచింది. ఒకే తాళం గొప్పింటికీ పేదింటికీ వేస్తే, పొయ్యి ఆరేది పేదింట్లోనే.

ఇక్కడ చిన్నబ్బాయి ఒప్పుకోలేదు. అప్పటిదాకా పెద్దగా మాట్లాడని పిల్లాడు ఒక్కసారి గొంతు పెంచాడు. "ఆ డబ్బు వాళ్ళ చేతికిస్తే మా చెల్లి బడి తెరుస్తారా?" అన్నాడు. 2022 మార్చిలో ఆడపిల్లల హైస్కూళ్ళు తెరుస్తామని చెప్పి, పిల్లలు వచ్చి బెంచీల్లో కూర్చున్నాక వెనక్కి పంపేశారు. వాళ్ళ చెల్లి అందులో ఉంది. అదే ఏడాది డిసెంబరులో ఆడపిల్లలకి యూనివర్సిటీలూ మూసేశారు. ఆ పాపం న్యూయార్క్‌ది కాదు, తాలిబన్లదే. అతని ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. పెద్దబ్బాయి మాత్రం నెమ్మదిగా అన్నాడు: "ఇవ్వకపోతే తెరిచారా? బడీ లేదు, రొట్టే లేదు."

తర్వాత ఏమైందో ఇద్దరికీ కంఠతా వచ్చు. 2022 ఫిబ్రవరి 11న అమెరికా అధ్యక్షుడు బైడెన్ ఆ 700 కోట్లని రెండు భాగాలు చేశాడు. సగం అఫ్గాన్ ప్రజల కోసం, సగం 2001 సెప్టెంబరు 11 దాడుల బాధితుల కోర్టు దావాల కోసం పక్కన. విమానాలతో ఢీకొట్టినవాళ్ళలో అఫ్గాన్లు ఒక్కరూ లేరు. బాధిత కుటుంబాల్లోనే కొందరు ఆ డబ్బు మాకొద్దు, అది అఫ్గాన్ జనానిది అన్నారు. 2023 ఫిబ్రవరిలో న్యూయార్క్ జడ్జి కూడా ఆ సగాన్ని దావా వేసినవాళ్ళకి ఇవ్వడం కుదరదన్నాడు. మిగతా సగంతో 2022 సెప్టెంబరులో స్విట్జర్లాండ్‌లో ఒక నిధి పెట్టారు. వడ్డీతో కలిపి 2025 మొదలయ్యేసరికి అది 400 కోట్ల దగ్గరికి చేరింది. దాంట్లోంచి అఫ్గాన్ జనానికి అప్పటిదాకా ఒక్క డాలరూ ముట్టలేదు.

డెబ్భైమందికి పైగా ఆర్థికవేత్తలు, వాళ్ళలో నోబెల్ వచ్చిన జోసెఫ్ స్టిగ్లిట్జ్ ఒకరు, 2022 ఆగస్టులోనే ఆ నిల్వలు కేంద్ర బ్యాంకుకి తిరిగివ్వమని లేఖ రాశారు. మొత్తం ఒక్కసారి ఇవ్వక్కర్లేదు. నెలనెలా కొంత, బయటి ఆడిటర్ల కళ్ళముందు, కరెన్సీ నిలబెట్టడానికే వాడేలా ఇవ్వొచ్చని చాలామంది అన్నారు. బ్యాంకు మనిషిగా నాకూ అదే సబబనిపిస్తుంది. అప్పు ఎగ్గొట్టినవాడి ఖాతా ఆపినప్పుడు కూడా, అదే ఇంట్లో ఉన్న ముసలమ్మ పెన్షన్ ఆపం కదా.

1991లో మనకి డాలర్లు అయిపోయి రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారం విమానమెక్కించి బయటికి పంపింది. అప్పుడు మా బ్రాంచిలో పెద్దవాళ్ళు ఇంట్లో తాళిబొట్టు కుదువ పెట్టినట్టు తలలు దించుకుని కూర్చున్నారు. మనం పెట్టింది విడిపించుకోగలిగాం. ఆ కథ విని పెద్దబ్బాయి "మీకు తాకట్టు పెట్టే వీలైనా ఉంది మేడమ్" అన్నాడు.

జనవరి 20, సోమవారం: యూనివర్సిటీ

రైలు సాయంత్రం. పొద్దున్న తన డిపార్ట్‌మెంట్ చూపిస్తానని పెద్దబ్బాయి అవుట్‌గేట్ దగ్గర నిలబడతానన్నాడు. ఆటో అతను నన్ను ఇన్‌గేట్ దగ్గర దింపి వెళ్ళిపోయాడు. ఎండలో ఇరవై నిమిషాలు నడిచాను. చెట్లకింద నడుస్తుంటే అలసట అనిపించలేదు. 1926లో మొదలైన యూనివర్సిటీ, మా నాన్న బీఏ సర్టిఫికెట్ మీద చూసిన పేరు.

క్యాంటీన్లో టీ తాగాం, అతను డబ్బులివ్వనివ్వలేదు. మన దేశం 2022 ఫిబ్రవరిలో అట్టారీ మీదుగా గోధుమల లారీలు పంపడం మొదలుపెట్టింది కదా, 50 వేల టన్నులు ఇస్తామని. ఆ సంచుల్లో ఒకటి మజార్‌లో వాళ్ళ పక్కింటికి వచ్చిందట. సంచి మీద 'భారత ప్రజల కానుక' అన్న మాట చూసి వాళ్ళమ్మ ఫోన్ చేసింది: "మీ ఇంటావిడ పంపిందా?"

"అవునన్నాను మేడమ్" అన్నాడు.

అప్పుడు ప్రొఫెసరు గారి ఫారం సంగతి అతనికి చెప్పాను. విన్నాడు. ఏమీ అనలేదు. లేచి ఇంకో టీ తెచ్చి నా ముందు పెట్టాడు.

జనవరి 22, బుధవారం: ఏలూరు

బ్రాంచి పాత మిత్రుణ్ణి అడిగి ప్రొఫెసరు గారింటికి వెళ్ళాను. పొట్లంలో ఆ ఎండు ద్రాక్షలు తీసుకెళ్ళాను. నన్ను గుర్తుపట్టారు. కోపంగా లేరు. "మీ చేతిలో ఏముందమ్మా" అన్నారు. డబ్బు మరి పంపారా అని అడిగాను. ఢిల్లీ లాజ్‌పత్ నగర్‌లో ఆ శిష్యుడికి తెలిసిన అఫ్గాన్ వ్యాపారి ఉంటే, మనవడితో అతని చేతికి ఇప్పించారట. ముప్పై వేలిస్తే కాబూల్లో ఇరవై ఆరు వేలకి సరిపడా ముట్టింది. నెలన్నర పట్టింది.

"ఎందుకు కావాలన్నాడండీ?" అన్నాను.

"బొగ్గుకి. చలికాలం కదా" అని, ద్రాక్షపండు ఒకటి నోట్లో వేసుకున్నారు.